చెల్లని ప్రమాణములు

ఇంగ్లండు, స్కాట్లండు దేశముల నడుమ మూడువందల యేండ్లకు పైగా సాగుచున్న పొత్తు నిలుచునా, విడిపోవునా యను చర్చ సముద్రములు దాటి మన పఠనమందిరముల బల్లలమీదికి వచ్చినది. "ఎక్కడి ఎడింబరో, ఎక్కడి ఐరాల! చిత్తూరు మండీలో బెల్లము ధర యెంతయో చెప్పక, ఈ దొరల యింటి తగవు మాకేల?" యని యడుగువారు కలరు. అడుగుట న్యాయమే. మా యుత్తరము కూడ సూటిగనే చెప్పెదము. ఆ తగవున విచారణకు వచ్చినది సిరిసంపదలు మాత్రమే కాదు, భాష కాదు, జెండా కాదు. విచారణకు వచ్చినది ఇచ్చినమాట. ఇచ్చినమాటను గూర్చి తీర్పు చెప్పుటకు ఐరాలవారికి గల యర్హత లోకమున మఱియెవరికిని లేదని మా నమ్మకము.

ఏలనన, కాణిపాకము మా మండలములోనిదే. బాహుదానది చెంత బావిలో వెలసిన వినాయకుని యెదుట తప్పుడు ప్రమాణము చేయుటకు గజదొంగ సైతము జంకునని తరతరముల నానుడి. బాకీ యెగవేసినవానిని, పొలముగట్టు జరిపినవానిని "కాణిపాకము వచ్చి చెప్పుదువా?" యని యడిగినచో, వకీలుతో పనిలేకయే తగవు తెగునని మా పల్లెల వాడుక. మనిషి మనిషికిచ్చిన మాటకు ఇంత కట్టుబాటున్నది. ప్రభుత్వము ప్రజకిచ్చిన మాటకో? దానికి బావి లేదు, స్వామి లేడు, జంకు అసలే లేదు. స్కాట్లండు తగవును, మన రాయలసీమ తగవును ఈ యొక్క ప్రశ్నలో నిమిడియున్నవి.

ముందుగా స్కాట్లండు సంగతి చూతము. 1603లో ఆ రెండు దేశములకును రాజు ఒక్కడయ్యెను. 1707 మే 1న రెండు పార్లమెంటులును ఒక్కటయ్యెను. ఆ కలయిక ప్రేమవలన పుట్టినది కాదు. డేరియను భూసంధిలో వలస స్థాపింపబోయి స్కాట్లండు తన సొమ్ములో పెద్దభాగమును పోగొట్టుకొని కూర్చున్నది. ఇంగ్లండు 3,98,085 పౌనుల పైకము పరిహారముగ నిచ్చుట కొప్పుకొన్నది. బంగారమునకు దేశమును అమ్మిరని ఎడింబరో, గ్లాస్గో వీథులలో జనులు అల్లరిచేసిరి. అయినను సంధిలో షరతులు వ్రాయబడినవి. స్కాట్లండు న్యాయశాసనము స్కాట్లండుదిగనే యుండవలయును. అక్కడి మతసంఘము అక్కడివారిదిగనే యుండవలయును. ఈ షరతులు చాలమట్టునకు చెల్లినవి. ఆ పొత్తును ఇంతకాలము నిలిపినది కిరీటము కాదు, ఫిరంగి కాదు. కాగితముమీద వ్రాసికొన్నదానిని చాలమట్టునకు పాటించుటయే.

పాటింపు సడలినకొలది ప్రశ్న లేచినది. 1979లో స్వపరిపాలనసభ కావలయునా యని స్కాట్లండు ప్రజల నడిగిరి. ఓటు చేసినవారిలో నూటికి 51.6 మంది కావలెననిరి. కాని మొత్తము ఓటర్లలో నూటికి 40 మంది ఔననవలెనను మెలికను ముందే పెట్టియుండిరి గనుక ఆ గెలుపు ఓటమియయ్యెను. 1997లో మఱల అడుగగా నూటికి 74 మంది ఔననిరి. 1999లో ఎడింబరో పార్లమెంటు కొలువుదీరెను. 2011లో స్కాటిషు జాతీయపక్షము అందలి 129 స్థానములలో 69 గెలుచుకొనెను. 2012 అక్టోబరు 15న బ్రిటను ప్రధాని కేమరానును, స్కాట్లండు ప్రథమమంత్రి సామండును ఒడంబడికపై చేవ్రాళ్లు చేసిరి. 2014 సెప్టెంబరు 18న ఓటు జరిగెను. పదునాఱేండ్ల యువకులు మొదలు పండుముదుసళ్ల వఱకు నూటికి 84.6 మంది ఓటు చేసిరి. 55.3 మంది కలిసియుందమనిరి, 44.7 మంది విడిపోదమనిరి. ఒక దేశము ఉండవలయునా, రెండు కావలయునా యను మహాప్రశ్నను తుపాకి పేలకుండ, రైలు కాలకుండ తేల్చుకొనిరి. శత్రువైనను ఈ పద్ధతిని మెచ్చవలయును.

అయితే ఆ ఓటుకు రెండు దినములు ముందు ఒక చిత్రము జరిగినది. గెలుపు చేజారునేమో యను భయమున లండనులోని మూడు పెద్దపక్షముల నాయకులు గ్లాస్గోలోని ఒక దినపత్రిక మొదటిపుటలో తమ చేవ్రాళ్లతో ఒక ప్రకటన చేసిరి. దానికి వారు పెట్టిన పేరు "ప్రమాణము". మీరు కలిసియుండుడు, మీ పార్లమెంటునకు మఱిన్ని యధికారముల నిత్తుమని దాని సారము.

ఆ ప్రమాణము చెల్లినదా? న్యాయము చెప్పవలయునన్న కొంత చెల్లినది. 2016లో చేసిన శాసనముచే ఆదాయపుపన్ను రేట్లను నిర్ణయించుకొను అధికారము మొదలగునవి ఎడింబరోకు సంక్రమించినవి. కాని, కలిసియుండుడని చెప్పినవారే మఱియొక మాటయు చెప్పియుండిరి: కలిసియున్ననే ఐరోపా సంఘములో మీ స్థానము పదిలమనిరి. 2016 జూను 23న ఆ సంఘమునుండి వెడలుదమా యని బ్రిటను తన ప్రజల నడిగెను. స్కాట్లండులో నూటికి 62 మంది వెడలరాదనిరి. దేశమంతటి లెక్కలో నూటికి 51.9 మంది వెడలుదమనుటచే స్కాట్లండు తన యిష్టమునకు విరుద్ధముగ వెడలవలసివచ్చినది. అటులైన మా ప్రజను మఱల నడుగుదమని ఎడింబరో ప్రభుత్వ మనగా, లండను పార్లమెంటు సమ్మతి లేనిదే అట్టి ఓటును జరుపు శాసనాధికారము ఎడింబరో పార్లమెంటునకు లేదని 2022 నవంబరు 23న బ్రిటను సుప్రీముకోర్టు ఏకగ్రీవముగ తీర్పు చెప్పినది. శాసనాక్షరమును బట్టి ఆ తీర్పు సరియే కావచ్చును. కాని, చేరునపుడు ఇరువురి సమ్మతి కావలసినది. విడిపోవుట మాట యటుండగా, విడిపోదుమా యని తమలో తాము అడిగికొనుటకే ఎదుటివారి సెలవు కావలయునన్నచో, దానిని పొత్తందుమా, తాకట్టందుమా?

ఇక లండను కొలువుకూటపు సంగతి చూడుడు. 2016 జూలై మొదలు 2024 జూలై వఱకు ఎనిమిదేండ్లలో ఐదుగురు క్రొత్తప్రధానులు గద్దెనెక్కిరి. వారిలో ఒకామె 2022లో 49 దినములకే దిగిపోయెను. ఆమె మంత్రి పెట్టిన చిన్నబడ్జెటు దెబ్బకు పౌను విలువ కుప్పకూలినది. 2024 జూలై 4న జరిగిన యెన్నికలలో లేబరుపక్షమునకు నూటికి 34 ఓట్లయినను రాకుండగనే 650 స్థానములలో 411 దక్కినవి. బలము సభలో నున్నది. విశ్వాసము ఊరిలో లేదు. ఇంతలో స్కాటిషు జాతీయపక్షము కూడ తన తప్పులతో తాను చిక్కుకొని, 2019లో గెలిచిన 48 స్థానములనుండి 2024లో 9 స్థానములకు దిగజారినది. పక్షము పడినది గనుక ప్రశ్నయు పడినదని లండనువారు సంతసించిరి. వైద్యుడు చచ్చినంతమాత్రమున రోగము కుదురునా?

1905లో వంగీయుల నడుగకయే వంగరాష్ట్రమును రెండు ముక్కలు చేసిన ప్రభుత్వమిది. 1947లో అయిదు వారములలో కాగితముమీద గీత గీసి పంజాబును, వంగమును చీల్చిపోయిన ప్రభుత్వమిది. ఇతరుల యిండ్లను కొలబద్ద పెట్టి కోసినవారు నేడు తమ యింటి నడిమిగోడను చూచి కంగారుపడుచుండుట చూచి నవ్వువారు నవ్వుదురు గాక. మేము నవ్వుటకు కూర్చుండలేదు, నేర్చుకొనుటకు కూర్చుంటిమి.

నేర్చుకొనునపుడు కన్నీరు కళ్లకు పొర గప్పరాదు. స్కాట్లండు మనవలె పరాయిదొర క్రింద నలిగిన దేశము కాదు. సామ్రాజ్యపు దోపిడిలో దానికి పాలున్నది. 1800 మొదలు 1807 వఱకు మన దత్తమండలములకు కలెక్టరుగ నుండి, పిదప మదరాసు గవర్నరై, 1827లో పత్తికొండలో కలరా సోకి మరణించిన సర్ థామసు మన్రో గ్లాస్గోలో పుట్టినవాడే. రైతునుండి నేరుగ శిస్తు వసూలుచేయు రైత్వారీ పద్ధతిని ఈ సీమలో పాతినవాడు ఆయనయే. తిరుమలలో ఆయన పేరిట గంగాళము నేటికిని నైవేద్యమునకు వాడుకలో నున్నది. ఆయన మంచితనమును మేము కాదనము. కాని ఆ స్కాట్లండువాడు మన నేల కొలుచునపుడు మన సమ్మతి నడుగలేదు. కనుక స్కాట్లండును మేము పూజింపము. దాని ప్రశ్నను మాత్రము గౌరవింతుము. సమ్మతి యనునది ఒక్కసారి వ్రాయించుకొని పెట్టెలో దాచుకొను క్రయపత్రము కాదు. పంటపంటకు తడుపవలసిన మడి.

ఇక మన యింటి గడపకు వత్తము. మన సమ్మతి చరిత్ర యేమి? 1800లో నిజాము తన రక్షణకై యుంచుకొన్న కంపెనీసేన ఖర్చుక్రింద బళ్లారి, కడప ప్రాంతములను కంపెనీకి ధారపోసెను. ఎవని ధనము ఎవడు ధారపోసెనో పాఠకులే గ్రహింతురు. మా చిత్తూరు ప్రాంతము 1801లో ఆర్కాటు నవాబు చేతినుండి కంపెనీ చేతిలో పడినది. 1911లో ఉత్తర ఆర్కాటునుండి కొన్ని తాలూకాలు, కడపనుండి కొన్ని తాలూకాలు కలిపి చిత్తూరు జిల్లా చేసిరి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణిని మదరాసు రాష్ట్రమునకు ఇచ్చివేసిరి. 2022 ఏప్రిల్ 4న జిల్లాను మఱల చీల్చి తిరుపతికి వేఱుజిల్లా, రాయచోటి కేంద్రముగ మఱియొక జిల్లా చేసిరి. ఈ మార్పులలో కొన్ని మంచివే కావచ్చును. అయినను ఇన్ని గీతలలో ఒక్కదానికైనను ఊరివారి చేతికి ఓటుచీటి నిచ్చి అడిగినవారు లేరు. మనకై మనము చేసికొన్నది ఒక్కటే: 1928లో నంద్యాల సభలో, దత్తమండలమను దాసిపేరు విడిచి, రాయలసీమ యని పేరు పెట్టుకొంటిమి.

అడిగినవారు ఒక్కమాఱు మాత్రము కలరు. 1937 నవంబరు 16న మదరాసులో దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగు భవనమున కోస్తా పెద్దలును, సీమ పెద్దలును కూర్చుండిరి. ఆంధ్రరాష్ట్రము కావలయునన్న సీమ కలిసిరావలయును. డెల్టాసంపద, ఆంగ్లవిద్య గల కోస్తాసోదరుల పాలనలో తాము అణగిపోవుదుమేమో యని సీమకు సంకోచము. ఆ సంకోచమును తీర్చుటకే కొండా వెంకటప్పయ్య, భోగరాజు పట్టాభిసీతారామయ్య, కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు మొదలగువారు ఒడంబడిక వ్రాసికొనిరి. విశ్వవిద్యాలయకేంద్రము వాల్తేరులో నొకటి, అనంతపురమున నొకటి యుండవలయును. పదియేండ్లు, అవసరమైన ఇంకను ఎక్కువకాలము, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలములపై కట్టు కట్టడములలో సీమకే ముందుచూపు. నీటి పంపకమున సీమ యవసరము తీరినపిదపనే తక్కినవారి పాలు. శాసనసభాస్థానములు జిల్లాలవారీగ సమానము. రాజధాని, హైకోర్టు - ఈ రెండింటిలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో. ఏది కావలయునో కోరుకొను హక్కు సీమది. ఇది మనకు తెల్లవాడిచ్చిన వరము కాదు. తెలుగువాడు తెలుగువానికి ఇచ్చిన మాట. ఈ మాట మీదనే సీమ ఆంధ్రోద్యమమున భుజము కలిపినది. ఈ మాట మీదనే 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము పుట్టినది.

ఆ మాట యేమైనది? పద్దువారీగ చూతము. విద్య విషయమున కొంత జరిగినది: 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1981లో అనంతపురమున శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము వెలసినవి. చెల్లిన బాకీని చెల్లినదని వ్రాయుట మర్యాద. రాజధాని కర్నూలుకు వచ్చినది. హైకోర్టు గుంటూరుకు పోయినది. ఒప్పందము ప్రకారమే యున్నది. కాని 1956 నవంబరు 1న విశాలాంధ్ర యేర్పడగా రెండును హైదరాబాదుకు తరలినవి. మూడేండ్ల ముద్దు తీరకముందే కర్నూలు తన రాజధానిని తెలుగుజాతి యైక్యతకై త్యాగము చేసినది. అట్టి త్యాగమును మఱచుట యెంత సులభమో 2014 పిదప తెలిసినది. రాజధానికి 2015 అక్టోబరు 22న అమరావతిలో శంకుస్థాపన. హైకోర్టు 2019 జనవరి 1 నుండి అక్కడనే. "ఒకటి మీకు, ఒకటి మాకు" అన్న మాట "రెండును మాకే" యని యెపుడు మాఱినదో సీమవారికి ఎవరును చెప్పలేదు. 2020లో ఒక ప్రభుత్వము కర్నూలును న్యాయరాజధానిగ శాసనము చేసి, 2021 నవంబరులో తానే ఆ శాసనమును ఉపసంహరించుకొనెను. 2024 నవంబరులో మఱియొక ప్రభుత్వపు శాసనసభ కర్నూలులో హైకోర్టు బెంచి కావలయునని తీర్మానించెను. శ్రీబాగులో వ్రాసికొన్నది బెంచి కాదని ఆ సభవారికి గుర్తుచేయుట మా విధి.

నీటి పద్దు ఇంతకన్న చేదు. కాణిపాకమను పేరునకు మా పెద్దలు చెప్పు స్థలపురాణము పాఠకులెఱుగుదురు: స్వామికి కొట్టిన కొబ్బరికాయల నీరు కాణి నేల పారినదట. కొబ్బరినీరు కాణి నేల పారుటయే మహిమగ చెప్పుకొను గడ్డ యిది! 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. ఆ కాలువలు నేటి రాయలసీమ జిల్లాలకు రావు. శ్రీశైలము సీమ గడపనే యున్నది. కర్నూలు జిల్లాలో ఊళ్లు మునిగినవి. కాని అది మొదట విద్యుత్తునకై తలపెట్టిన కట్టడము. 1980లలో రూపుదిద్దుకొన్న హంద్రీ-నీవా, గాలేరు-నగరి పథకములు మన యాశలకు పేర్లు. ఒకటి 40 టి.ఎం.సి.ల నీటితో ఆఱులక్షల యెకరములకు, రెండవది 38 టి.ఎం.సి.ల నీటితో రెండులక్షల అఱువదివేల యెకరములకు. నీవా యనగా చిత్తూరు ప్రక్కన పారు మన నీవానదియే. మన నది పేరు పథకమునకు పెట్టినవారు, ఆ పథకమునకు నమ్మకమైన నీటివాటాను మాత్రము పెట్టలేదు. ఈ రెండును కృష్ణలో మిగులుజలములపై, అనగా వరద వచ్చిన యేట పారెడి నీటిపై, ఆధారపడినవి. ఒడంబడికలో సీమ మొదటి పంక్తి, పంపకములో ఎంగిలివిస్తరి. నలుబదేండ్లుగ తవ్విన కాలువలలో కుప్పము దాక నీరు నడిపించి హారతులిచ్చిన దినములు కలవు, మేమును సంతసించితిమి. కాని హారతి యొక దినము, హక్కు ఏటేట. వేయి అడుగుల బోరు వేసి అప్పుల పాలైన రైతునకు ఈ భేదము చెప్పవలసిన పనిలేదు.

పాఠకులు ఒక సంగతిని గమనింపవలయును. స్కాట్లండు ఓటు జరిగినదియు, ఆంధ్రప్రదేశము చీలినదియు ఒకే సంవత్సరమున. అక్కడ ప్రజ కలిసియుందమన్నది. ఇక్కడ ప్రజ నడిగినవారే లేరు. 2014 జనవరి 30న మన శాసనసభ విభజనబిల్లును మూజువాణి ఓటుతో త్రోసిపుచ్చెను. రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము సభ యభిప్రాయము తెలుపవచ్చునే గాని, ఆ యభిప్రాయమునకు విలువ నీయవలసిన నిర్బంధము ఢిల్లీకి లేదు. ఫిబ్రవరి 13న లోకసభలో మిరియపుపొడి చల్లబడినది - ఆ చేసినది మన తెలుగు సభ్యుడేనని సిగ్గుతో ఒప్పుకొనవలయును. ఫిబ్రవరి 18న తలుపులు మూసి బిల్లు ఆమోదించునపుడు దేశమునకు చూపెడి తెర సైతము చీకటియయ్యెను. ఫిబ్రవరి 18, సెప్టెంబరు 18 - ఈ రెండు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవానికి ప్రజాస్వామ్యమును గూర్చి వేఱొక పాఠము అక్కఱలేదు.

తెలంగాణసోదరుల కోరికను తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వారికిని ఒక ప్రమాణము జరిగినది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల యొప్పందము వారి కొలువులకు, నిధులకు, విద్యకు రక్షణగ వ్రాయబడినది. అది చెల్లలేదని 1969లో వారి బిడ్డలు ప్రాణము లర్పించిరి. ఆనాడైనను ఏలినవారు కళ్లు తెఱచి ఆ కాగితమును పాటించియున్నచో 2014 వచ్చెడిదా? ఒప్పందమును చంపి ఐక్యతను బ్రదికింపజూచిరి. చివరకు ఐక్యతయే చచ్చినది. శ్రీబాగును పాతకాగితమని నేడు విసరివేయువారికి ఈ యొక్క దృష్టాంతము చాలదా?

విభజనతోపాటు క్రొత్త ప్రమాణములును పుట్టినవి. 2014 ఫిబ్రవరి 20న ప్రధానమంత్రి రాజ్యసభలో ఐదేండ్ల ప్రత్యేకప్రతిపత్తి నిత్తుమనెను. రాయలసీమ, ఉత్తరాంధ్ర జిల్లాలకు బుందేల్‌ఖండు తరహా ప్రత్యేకసాయమనెను. ప్రత్యేకప్రతిపత్తి రాలేదు. ప్రత్యేకసాయము జిల్లా కొక్కింటికి ఏటికి 50 కోట్ల రూపాయల చొప్పున కొన్నేండ్లు వచ్చి ఆగినది. శాసనపు 13వ షెడ్యూలులో కడప ఉక్కుకర్మాగారమును ఆఱునెలలలో పరిశీలింతుమని వ్రాసిరి. అటుపిమ్మట 2018లో ఒక శంకుస్థాపన, 2019లో ఒక శంకుస్థాపన, 2023లో ఒక శంకుస్థాపన జరిగినవి. పునాదిరాళ్లు కరగించిన ఉక్కు వచ్చునేని ఈపాటికి సీమ జంషెడ్‌పురమై యుండెడిది! 11వ షెడ్యూలులో హంద్రీ-నీవా, గాలేరు-నగరి మొదలగు పథకములను పూర్తిచేయవలయునని వ్రాయుచు, వెలిగొండ పేరునే తప్పుగా అచ్చువేసిరి. పేరు సరిగ వ్రాయుటకు తీఱికలేనివారు నీరు సరిగ పంతురా?

ఇక మాకు వచ్చు ఆక్షేపణల సంగతి. మొదటిది: "మీ యేలికలలో సీమవారే ఎక్కువకదా! నీలం సంజీవరెడ్డి మొదలు నేటివఱకు ముఖ్యమంత్రులను కన్న గడ్డ మీది. దొర మీవాడైనపుడు దోషమెవరిది?" ఈ ప్రశ్న నిజమైనది, దీనిని తప్పించుకొనము. స్కాట్లండు కూడ బ్రిటనునకు ప్రధానులను కన్నది. 2014లో కలిసియుండుడని ఊరూర తిరిగి చెప్పిన గార్డను బ్రౌను స్కాట్లండువాడే. అయినను స్కాట్లండు ప్రశ్న తీరలేదు. మన బిడ్డ గద్దెనెక్కుట వేఱు, మన హక్కు శాసనమున కెక్కుట వేఱు. బిడ్డ దిగిపోవును, శాసనము నిలుచును. 2019లో సీమలోని 52 స్థానములలో 49 ఒక పక్షమునకు కట్టబెట్టితిమి. 2024లో 45 స్థానములు ఎదుటి కూటమికి కట్టబెట్టితిమి. రెండుమార్లును గంప దించి ఇచ్చితిమి గాని చీటి వ్రాయించుకొనలేదు. బేరమాడక బెల్లము తూచి యిచ్చు రైతు ఉన్నాడా? ఓటు తూచి యిచ్చునపుడు మాత్రము ఏల బేరము మఱచుచున్నాము?

రెండవ ఆక్షేపణ: "స్కాట్లండు పేరెత్తుట దేశవిచ్ఛేదమును కోరుట." ఈ మాట నాడువారు భారతదేశమును గాజుబొమ్మగ తలంచుచున్నారు. స్కాట్లండువారు వేఱుదేశమును కోరుచున్నారు. మేము కోరునది భారతదేశములో, తెలుగురాష్ట్రములో, వ్రాసియిచ్చిన మా పాలు. మా జాతీయత యొకరి యనుమతితో పుట్టినది కాదు, ఒకరి సందేహముతో పోవునది కాదు. వేఱు రాయలసీమ కావలయునని కొందఱు మిత్రులు కోరుచున్నారు. మేము నేడు ఆ కోరికను మా జెండాగ నెత్తుకొనలేదు. చిన్నయింటికి పోయినను ఎండిన బావి వెంటవచ్చునని మాకు తెలియును. కాని ఆ కోరికను ద్రోహమని పిలుచు నాలుకను మేము సహింపము. 1920లలో ఆంధ్రరాష్ట్రమును కోరినవారిని కూడ ఇట్లే కొందఱు సంకుచితులనిరి. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు 58 దినముల యుపవాసముతో ప్రాణము విడిచినగాని ఢిల్లీకి చెవి వినబడలేదు. ప్రశ్నను ద్రోహమని త్రోసినకొలది అది పెరుగునే గాని తరుగదు.

మూడవ ఆక్షేపణ: "అన్నదమ్ముల నడుమ కాగితము లెందులకు?" దీనికి మా బాహుదానదియే సమాధానము చెప్పును. శంఖలిఖితు లను అన్నదమ్ములలో తమ్ముడు లిఖితుడు ఆకలిగొని అన్న తోటలోని పండును అడుగక కోసి తినెను. అన్న యేమనెను? "తమ్ముడవే కదా, తినుము" అనలేదు. అడుగక తీసికొన్నది దొంగతనమే, రాజుకడకు పొమ్మనెను. రాజు చేతులు నఱకించెను. ఈ నదిలో మునుగగా బాహువులు తిరిగి వచ్చెను గనుక బాహుద యైనది. మామిడితోపుల నడుమ బ్రదుకు మాకు ఈ కథ బాగుగ నెక్కును. ఒక్క పండు విషయమున అన్నదమ్ముల నడుమనే అంత కట్టుబాటు కావలసివచ్చినపుడు, నదుల విషయమున, న్యాయస్థానముల విషయమున అడుగక తీసికొనుటను ప్రేమయని పిలువుమందురా?

కావున మేము కోరునవి స్పష్టముగ చెప్పుచున్నాము. ఒకటి: శ్రీబాగులోని నీటిమాటను శాసనసభ శాసనముగ చేయవలయును, రాష్ట్రపు పాలికి వచ్చిన కృష్ణాజలములలో హంద్రీ-నీవా, గాలేరు-నగరి పథకములకు వరదతో పనిలేని వాటాను పేరుపెట్టి వ్రాయవలయును. రెండు: రాజధాని ఒకచోట నున్నచో హైకోర్టు సీమలో నుండవలయును, బెంచితో సరిపెట్టరాదు. మూడు: 3వ అధికరణమును సవరించి, ఏ రాష్ట్రమును కలుపవలయునన్నను, చీల్చవలయునన్నను ఆ రాష్ట్ర శాసనసభ సమ్మతియో, ప్రజల ఓటో తప్పనిసరి చేయవలయును. నాలుగు: విభజనశాసనములోని ప్రతి హామీకి ఏమి జరిగినదో ఏటేట లెక్క చెప్పి పార్లమెంటు బల్లమీద పెట్టవలయును. ఇందులో అసాధ్యమైనది లేదు, అన్యాయమైనది లేదు, క్రొత్తదియు లేదు.

ఏలినవారు తమంత తాము ఇత్తురని మేము భ్రమపడుట లేదు. లండనువారు 2012లో ఒడంబడికపై చేవ్రాలు చేసినది ఔదార్యమువలన కాదు. 2011లో స్కాట్లండు ఓటరు ఒక్కమాటమీద నిలుచుటవలన. కనుక ఐరాల మొదలు ఆదోని వఱకు గల పఠనమందిరములలోని మిత్రులకు మా మనవి యిది. ఎన్నికలకు ముందు ఊరికి వచ్చు ప్రతి యభ్యర్థిని, ఏ పక్షమువాడైనను సరే, ఈ నాలుగు కోరికలకు ఔనో, కాదో వ్రాతమూలకముగ చెప్పుమని యడుగుడు. గ్రామసభలలో తీర్మానములు చేసి నకళ్లు దాచుకొనుడు. శ్రీబాగు ఒడంబడికను గోడలకు అంటించి చదువురానివారికి చదివి వినిపింపుడు. కులము అడ్డువచ్చును, పక్షము అడ్డువచ్చును, పండుగనాడు పంచెడి పైకము అడ్డువచ్చును. వీనినన్నిటిని ఒక్కయేడు ప్రక్కకు నెట్టి చూడుడు. జ్ఞాపకశక్తి గల ప్రజకు మాట తప్పుట ఏ ప్రభుత్వమునకైనను కష్టము. మఱచిపోవు ప్రజకు మాట యిచ్చుట ఎవనికైనను సులభము. సీమ ఇందులో ఏ ప్రజయో సీమయే తేల్చుకొనవలయును.